మొప్పల మీద దూది

ఇరవై రెండేళ్ళు ఒకే కాలేజీలో, ఒకే ప్రయోగశాలలో అటెండరుగా పనిచేసిన మనిషిని మూడు వాక్యాల కాగితంతో ఇంటికి పంపేశారు. అతని నిర్లక్ష్యం వల్ల పది జీవాలు చచ్చిపోయాయన్నది మొదటి వాక్యం. తొట్టెల్లో నీళ్ళను చల్లబరిచే యంత్రం మొదటినుంచీ సక్రమంగానే పనిచేస్తోందన్నది రెండోది. రేపటినుంచి రానక్కర్లేదన్నది మూడోది. బాగా చదువుకున్నవాళ్ళ రాత కాబట్టి ఒక్క అక్షరం తప్పు పోలేదు. రెండో వాక్యం మాత్రం పచ్చి అబద్ధం. దానికి ఆధారంగా జతచేసిన కాగితం మీద సంతకం అతని సొంత బావమరిదిది.

బావమరిది ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే మెకానిక్. యంత్రంలో ఫ్యాను కాలిపోయి తొమ్మిది రోజులు మూలన పడి ఉంటే ఎవరూ పిలవలేదు. జీవాలు పోయాక పిలిచారు. కొత్త ఫ్యాను బిగించి చేతులు తుడుచుకుంటుంటే, యంత్రం మరమ్మతుల కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ సూపర్‌వైజరు, యంత్రం బాగుందన్న కాగితం చాపి, "పాత తేదీ వెయ్యవోయ్, ఆఫీసు లాంఛనం" అన్నాడు. వేశాడు. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో అడగలేదు. అలాంటివి అడిగేవాడికి మళ్ళీ పని చెప్పరని అతనికి తెలుసు.

బావను కాలేజీలో అందరూ థర్మామీటర్ అనేవాళ్ళు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే అతనికి అది ఉండేది. రోజుకు నాలుగుసార్లు నీళ్ళలో ముంచి చూసి రిజిస్టరులో రాసేవాడు. ఆ తొమ్మిది రోజులూ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీలని ఎర్రసిరాతో రాశాడు. విచారణనాటికి రిజిస్టరు మాయమైంది. సంతకం మాత్రం ఎక్కడికీ పోలేదు. బావ సంతకాన్ని చూశాడు, బావమరిదిని చూశాడు. ఆ తరువాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే బావమరిదికి అన్నం సయించేది.

ఆ జీవాల పేరు ఆక్సలాటల్. జానెడు పొడుగు, నాలుగు పొట్టికాళ్ళు, తలకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు. బతుకంతా ఇరవై డిగ్రీలు దాటని చల్లటి నీళ్ళలోనే. కాలు తెగితే మళ్ళీ మొలుస్తుందని, అది విద్యార్థులకు చూపించడానికి పెంచేవాళ్ళు. పదకొండింటిలో ఒకటి మిగిలింది. దాన్ని కూడా పారెయ్యమంటే, అతను ఖాళీ పెయింటు బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

"ఉద్యోగం పోయి మీరొచ్చారు, సరే. వెంట ఈ బల్లిని కూడా తెచ్చారా?" అంది అక్క.

"బల్లి కాదే."

"నాలుగు కాళ్ళు, ఒక తోక. మరేమనాలి, ఆడపడుచు అనాలా?"

వంటింటి పక్కన నడవలో, ఎండ తగలని గోడవారగా తొట్టె పెట్టాడు. కుళాయినీళ్ళలో మందు వాసన పోయేదాకా ఒకరోజు బకెట్లో నిలవ ఉంచేవాడు. వానపాము ముక్క ఏదైనా తినకుండా మిగిలితే గంటలోపు తీసేసేవాడు. సబ్బు ముట్టిన చేయి ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. ఇన్ని చేసినా ఎండాకాలాన్ని ఆపడం అతని చేతిలో లేదు. ఆ ఇంటిపైన రేకులు. మధ్యాహ్నానికి నీళ్ళు ఇరవై ఆరు దాటేవి.

ఒక ఆదివారం బావమరిది వచ్చేసరికి బావ తొట్టె ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా, ఆ తెల్లగా ఉన్నది? దూది అంటుకుందా? గుడ్డతో తీసెయ్యకపోయావా?"

"దూది కాదు, బూజు. లాగావంటే మొప్ప ఊడొస్తుంది." బావ తొట్టె మీదికి ఇంకా వంగాడు. "రాకుండా చూసుకోవడం తేలికరా. వచ్చాక పోగొట్టడమే కష్టం. ఆ పదీ ఇలాగే పోయాయి."

బావమరిది తొట్టె దగ్గరికి జరిగాడు. "మందు లేదా?"

"ఉప్పు. అయోడిన్ కలపని ఉప్పు లీటరుకు రెండు చెంచాలు. అందులో పది నిమిషాలు, పూటకొకసారి. పదకొండో నిమిషం ఉంచితే ఒళ్ళు మండుతుంది దానికి. కానీ ఉప్పొక్కటే చాలదు. నీళ్ళు ఎనిమిది డిగ్రీల దాకా దింపితే బూజు ఎదగడం ఆగుతుంది." బావ రేకుల వైపు చూశాడు. "ఈ కొంపలో ఎనిమిదేంటి, నా మొహం."

ఇంట్లోని ఫ్రిజ్‌ను ఉద్యోగం పోయిన నెలలోనే అమ్మేశారు. బావమరిది లేచాడు. మూడురోజులు తన షెడ్డులో పడి ఉన్న తుక్కునంతా తిరగేసి, ఒకదాని డొక్కకు మరొకదాని కంప్రెసరు బిగించి, చిన్న ఫ్రిజ్ ఒకటి నిలబెట్టాడు. భుజాన ఎత్తుకుని తెచ్చి దింపాడు. ఈ ఒక్కటీ బతికితే బావ కళ్ళలోకి చూడొచ్చు అనుకున్నాడు. అంతకుమించి ఏమీ ఆశించలేదు.

మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో జీవిని ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళ స్నానం, తరువాత మంచినీళ్ళలో ఒకసారి ముంచి, ముందే చల్లబరిచి ఉంచిన కొత్త నీళ్ళలోకి మార్చడం. బావ గోడగడియారం కిందే నిలబడేవాడు. వారానికి బూజు పలచబడింది. పదోరోజుకు ఒక్క మొప్ప చివర మాత్రం మిగిలింది. ఆరోజు అది అర వానపాము తిన్నది.

"ఇవాళ మా ఆడపడుచు భోంచేసిందట," అని అక్క ఫోన్లో తమ్ముడితో నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

పన్నెండోరోజు సాయంత్రం బావ కబురు చేశాడు. ఫ్రిజ్ సరిగా చల్లబడటం లేదు, నీళ్ళు పదమూడుకు ఎక్కాయి. బావమరిది వచ్చి చూస్తే లోపలి వైరు ఒకటి వదులైంది. డబ్బా బయట పెట్టి వైరు సరిచేశాడు. డబ్బా మళ్ళీ లోపల పెట్టాడు. బావ థర్మామీటర్ తీసి తలుపు మీద చేయి వేయబోతే ఆపాడు.

"ఊరికే తెరవకు బావా. తెరిచినకొద్దీ చల్లదనం బయటికి పోతుంది. పొద్దున చూసుకో. నా మాట నమ్ము."

"సరే," అన్నాడు బావ. ఇన్నేళ్ళలో తన కళ్ళతో చూడకుండా ఇంకొకడి మాట మీద నీళ్ళను వదిలేయడం అతనికి అదే మొదటిసారి.

మెకానిక్‌కు చేతికి పట్టిన అలవాటొకటి ఉంది. ఏ ఫ్రిజ్ బాగుచేసినా చల్లదనం పెంచే మీటను చివరి అంకె దాకా తిప్పి ఒక రాత్రి నడిపి చూడాలి. గడ్డకడితేనే పని అయినట్టు. పని నేర్పినవాడు మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. ఆ సాయంత్రం కూడా చేయి తన పని తాను చేసుకుపోయింది. లోపల ఉన్నది ప్రాణమని చేతికి ఎవరు చెప్పాలి?

తెల్లారి తలుపు తీస్తే డబ్బాలో పైన వేలెడు మందాన మంచు. కింద జీవి కదిలింది, అదే ఘోరం. మొప్పలు పాలిపోయి, అంచులు చిట్లిపోయాయి. చిట్లిన చోటల్లా రెండురోజుల్లో తెల్లగా దూది లేచింది, ఈసారి ఒళ్ళంతా. ఉప్పు కలపడానికి బావ చెంచా తీశాడు. పుళ్ళ మీద ఉప్పు పోయలేక మళ్ళీ పెట్టేశాడు. బావమరిది వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, తాను మీట ఎక్కడ వదిలేశాడో చెప్పాడు. బావ తలూపాడు. అప్పటికే చూశాడు.

నాలుగోరోజు అది పోయింది. అక్క తన పూలకుండీలో మొక్క పీకేసి చోటిచ్చింది.

ఇప్పుడు బావ ఒక బట్టలకొట్టు మెట్ల దగ్గర స్టూలు వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ సంచులకు టోకెన్లు ఇస్తున్నాడు. ప్రయోగశాలలో కొత్త తొట్టెలు, కొత్త జీవాలు వచ్చాయని ఎవరో చెబితే, "అలాగా" అన్నాడట.

నెల తరువాత బావమరిది తోపుడుబండి వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. అదే ఆఖరుసారి వెళ్ళడం. బావ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఆ ఫ్రిజ్ తీసుకుపోదామని వచ్చాను బావా. నీ కంటిముందు ఉండటం ఎందుకు?"

బావ చెంబు కింద పెట్టాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఉండనీరా. మీ అక్క పాలు పెట్టుకుంటోంది. చల్లదనానికి మాత్రం వంక పెట్టడానికి లేదు."