మార్చని కాగితాలు

వానలు మొదలైతే నాకు బూజు వాసన వస్తుంది. ఇంట్లో ఇంకెవరికీ రాదు. గోడలకు సున్నం వేయించాను, పాత చెక్క బీరువా పారేయించాను, అయినా వస్తుంది. ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఎక్కడిదో నాకు తెలుసు. ఇవాళ మీకు చెబుతాను.

నేను అవమానం మరిచే మనిషిని కాను. మేముండే మిడిల్ పాయింట్‌లో నేను ఫిర్యాదు పెట్టని ఆఫీసు లేదు. పెళ్లి పంక్తిలో నాకు చివర వడ్డించినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఈ గుణమే ఒక మనిషిని చంపింది. చంపిందా? ఆ మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక మెయిన్‌లాండ్ నుంచి జనాన్ని తెచ్చి, అడవి కొట్టి, ఈ దీవుల్లో ఊళ్లు పెడుతున్న రోజులవి. వాళ్ల జ్వరాలు చూడటానికి వచ్చిన డాక్టరుగారి దగ్గర నేను పనికి కుదిరాను. ఆయనకు మొక్కల పిచ్చి. రోగుల్ని చూడటం అయిపోగానే అడవిలో పడి, ఎవరూ పేరు పెట్టని ఆకులు, తీగలు తెచ్చేవారు. వాటిని పాత వార్తాపత్రికల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ బిగించి, తాడు కట్టేవాళ్లం. మొక్కలోని తడిని కాగితం పీలుస్తుంది. అందుకే రోజూ కట్టు విప్పి, చెమ్మ కాగితాలు తీసి, పొయ్యి దగ్గర ఆరినవి పెట్టాలి. వానల్లో అది మానితే అంతా బూజే. ఆ పని నాది.

ఒకరోజు డాక్టరుగారింటికి వచ్చిన పెద్ద ఆఫీసరు నన్ను చూసి, ఇతనెవరని అడిగాడు. చెట్లెక్కి పూలు కోసింది నేను. జలగల్లో నడిచింది నేను. డాక్టరుగారు నా వైపు చూడకుండానే, "వీడా? కాగితాలు మార్చేవాడు," అన్నారు. ఇద్దరూ నవ్వారు.

ఇప్పటికీ అంటాను, ఆ మాట అనకూడదు.

మర్నాటి నుంచి నేను కాగితాలు మార్చలేదు. పక్క గదిలో రోగుల్ని చూస్తున్న ఆయనకు వినబడేలా కట్టు విప్పి, చెక్కలు చప్పుడు చేసి, మళ్లీ బిగించేవాణ్ణి. ఏమనుకున్నాను? ఒకటో రెండో పాడైతే నా విలువ తెలుస్తుందనా? లేక అన్నీ కుళ్లిపోవాలనే కోరుకున్నానా? ఎంత తరచి చూసుకున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. వాసన మొదలయ్యాక కూడా ఆపలేదు. అది మాత్రం నిజం.

ఆయన కట్ట విప్పిన రోజు, ఆకులన్నీ నల్లబడి కాగితానికి అంటుకుపోయి ఉన్నాయి. అందులో ఒక తెల్లపూల తీగ. దూరంగా ఒక్క క్రీక్ ఒడ్డునే, అడవిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ పక్కనే కనబడింది. వానల మొదట్లో కొద్ది రోజులే పూస్తుంది.

దాన్ని మళ్లీ తేవడానికి మర్నాడే జెట్టీకి వెళ్లాం. ఎప్పుడూ మమ్మల్ని తిప్పే చేపల మనిషి సింహాచలం తన చిన్న పడవ, డింగీలో చేరిన నీళ్లు తోడుతున్నాడు. సముద్రం నల్లగా ఉబ్బుతోంది.

"మౌసమ్ ఖరాబుగుంది డాక్టర్ సాబ్. గాలి సూడండి. రెండ్రోజులాగి ఎల్దాం."

"ఈలోగా పూలు రాలిపోతాయి సింహాచలం."

"పువ్వు మల్లా ఏడు పూస్తాది. మనం పూస్తామేటి?"

డాక్టరుగారు నవ్వి డింగీ ఎక్కారు. నేనూ ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వుండి కాగితాలు ఆరబెట్టు. మొహం అలా పెట్టకురా, నీ తప్పేం లేదు. ఈ తడికి నువ్వేం చేస్తావు?"

నేనే పాడుచేశానని ఒక్క మాట చెబితే, నన్ను కొట్టడానికైనా డింగీ దిగేవారేమో. నోరు తెరిచాను. జెట్టీ మీద నలుగురిలో 'పెట్టకురా' అన్నారని అప్పుడు కూడా గుచ్చుకుంది. మూసుకున్నాను.

తిరిగొస్తుంటే, క్రీక్ సముద్రంలో కలిసే చోట అల డింగీని తిరగేసింది. సింహాచలం ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. డాక్టరుగారు దొరకలేదు. మొక్కలు వేసుకునే ఆయన రేకు డబ్బా కొట్టుకొచ్చింది. మూత తీస్తే లోపల తెల్లపూల తీగ, తాజాగా. దాన్ని నేనే పరిచి బిగించాను. ఒక్క పూట తప్పకుండా కాగితాలు మార్చాను. చక్కగా ఆరింది.

గోల్ ఘర్ నుంచి లంబాలైన్ దాకా ఊళ్లో అందరిదీ ఒకటే మాట: చెడ్డ గాలిలో తీసుకెళ్లి సింహాచలమే చంపాడు. పోయినాయన మీదికి నెట్టడం ఇష్టంలేక అతను నోరు విప్పలేదు. అతను వద్దన్నాడని నేను చెప్పలేదు. చెబితే, మరి ఆయన ఎందుకంత పట్టుబట్టారని అడుగుతారు. అతని డింగీ ఇంకెవరూ ఎక్కలేదు. పరాయివాళ్ల వలలు బాగుచేస్తూ, తల ఎత్తకుండానే పోయాడు.

అతని కూతురు నూకాలు గోల్ ఘర్‌లో చేపలు అమ్ముతుంది. నన్ను చూస్తే మంచి చేప పక్కకు తీస్తుంది. "అందరూ మా అయ్యని ఆడిపోసుకున్నారు బాబాయ్. నువ్వొక్కడివే ఏటీ అన్లేదు," అంటుంది. నేను తల ఊపి, ఆ చేప తెచ్చుకుని తింటున్నాను.

నూకాలుకు చదవడం రాదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళితే చెప్పండి. సింహాచలం వద్దన్నాడు. డాక్టరుగారు వెళ్లింది నా వల్ల. నేను చెప్పాల్సిన మాటను మీ చేత చెప్పిస్తున్నాను, అదీ పిరికితనమే.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. బయట వాన పట్టింది. వాసన పోలేదు, కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు మీకూ తెలుసు.