ఎద్దుకు ఉలవలు, నాకు చారు

విషజ్వరం తగ్గి నెలైనా నాకు ఒంట్లో సత్తువ రాలేదు. ఈ రోజు పొద్దున ఆత్మకూరు వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. రోజూ ఏం తింటున్నావని ఆయన అడిగితే, మా అవ్వ కాచే ఉలవచారని గర్వంగా చెప్పాను.

"మరి ఉడికిన ఉలవలో?"

"ఎద్దుకు పెడతాం."

ఆయన తల పట్టుకున్నాడు. "కండ పట్టించే సరుకంతా ఎద్దుకు పెట్టి, నువ్వు నీళ్లు తాగుతుండావా? జ్వరంలో కరిగిన కండ మళ్లీ రావాల. ఆ సరుకును ఒళ్లు దాచి పెట్టుకోదు. ఏ రోజుకారోజు తినాల."

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను.

"ఎద్దు మడక లాగతాది. నువ్వేం లాగతావురా?" అంది. అంటూనే కుండలోంచి రెండు గరిటెల ఉలవలు తీసి, తాలింపు వేసి పెట్టింది. కమ్మగా ఉన్నాయి, మొత్తం తినేశాను.

మీ ఇళ్లలో ఉలవలెవరికి, చారెవరికి? నిజం చెప్పండి. మా ఎద్దు మాత్రం సాయంత్రం నుంచి నన్ను ఎగాదిగా చూస్తోంది.