రవ్వంత నిదానంగా నడు

ఆ రోజుల్లో నా గొంతు నా మాట వినేది కాదు. చెప్పవలసిన వాక్యం లోపల పూర్తిగా తయారయ్యేది, కామాలతో సహా. నోటి దాకా వచ్చి, బయట జనం ఉన్నారని చూసి, వెనక్కి తిరిగి పోయేది. బస్సులో ‘ఆపండి’ అనలేక దిగవలసిన చోటు దాటిపోయి, తరువాతి స్టాపులో ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకాలే దిగి, అక్కడే నాకేదో పని ఉన్నట్టు ముందుకు నాలుగడుగులు వేసి, బస్సు కనుమరుగయ్యాక నడుచుకుంటూ వెనక్కి వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. (డైరీలో మాత్రం నేను భలే వాగుడుకాయను.) అలాంటి నన్ను మదనపల్లెలో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. కుప్పం నుంచి వెళ్ళే దారి పొడుగునా కిటికీ చువ్వ పట్టుకుని ఒకటే మొక్కుకున్నాను: స్వామీ, ఆ గదిలో నా గొంతు పెగిలితే నీ కొండకు నడిచి వస్తాను. పెగిలింది. ఎంతగా పెగిలిందంటే, ‘ఇంక చాలమ్మా’ అని వాళ్ళే ఆపారు. పుంగనూరు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. గొంతు ఆ సాయంత్రమే మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది, మొక్కు మాత్రం మిగిలింది.

ఆ మొక్కును నేను మరిచిపోయినా మా అమ్మ మరిచిపోలేదు. కుప్పం నుంచి ఫోను చేసిన ప్రతిసారీ అదే మాట. “సామి నోరు తెరిపిచ్చినాడు కదా మే, మళ్ళా మూసేసేకి ఆయనకెంత సేపు?” నేను అద్దెకున్న వీధి నుంచి ఏటా శివరాత్రి వెళ్ళాక, ఎండలు ముదరకముందే, ఒక గుంపు కాలినడకన తిరుమలకు పోయేది. గుంపు పెద్దను అందరూ విజిల్ మామ అనేవాళ్ళు. ఆయన మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది. ఒకసారి ఊదితే గుంపు నడవాలి, రెండుసార్లు ఊదితే కూర్చోవాలి. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, “నువ్వు గాలికి కొట్టుకపోయేట్టు ఉండావు పాపా. ఇప్పట్నుంచే పొద్దన్నే లేసి చెప్పుల్లేకుండా నడిసేది అలవాటు సేసుకో. దావలో కూలబడితే నాకు మొగమాటం ల్యేదు, బస్సెక్కిచ్చేస్తా” అన్నాడు.

రోడ్డు మీద ఊరికే నడవడం పుంగనూరులో కుదరదని మొదటి రోజే తెలిసింది. పాలక్యాన్ల వాళ్ళు బండి ఆపి “యాడికి పాపా, బస్సు పోయిందా?” అన్నారు. ఒకామె నా కాళ్ళు చూసి “అయ్యో, చెప్పులు తెగిపోయినాయా తల్లీ?” అని తన చెప్పులు విప్పబోయింది. చివరికి ఒక ఆటో అతను పక్కన ఆపి, “ఎక్కమ్మా, నేనూ ఆ పక్కకే పోతాండా” అన్నాడు. నడవడానికే వచ్చానన్న వాక్యం లోపల సిద్ధంగా ఉంది. అది బయటికి రాలేదు. నేను ఎక్కాను. నడక సాధనకని బయలుదేరి ఆటోలో చౌడేపల్లె పోయి, బస్సులో తిరిగివచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పాదాలకు దుమ్ము కూడా అంటలేదు.

అందుకే మిద్దె ఎక్కాను. అది పాత ఇల్లు. తాత పోయిన దగ్గర్నుంచి కింద ఇంటి యజమానురాలు అవ్వ ఒక్కతే ఉండేది. పైన నా గది, గది ముందు ఖాళీ మిద్దె. సరిగ్గా అవ్వ పడుకునే చోటికి నెత్తిన. మాఘమాసపు తెల్లవారుజామున పుంగనూరులో మంచు ఎంత దట్టంగా దిగుతుందంటే, పిట్టగోడ అవతల ఊరు ఉందో లేదో తెలియదు. వీధి దీపం గాలిలో వేలాడుతున్న గుడ్డులా ఉండేది. ఎక్కడో ఆవు దగ్గితే మనిషి దగ్గినట్టే వినిపించేది. మిద్దెలో సగం మేర అవ్వ ఎండబోసిన చింతకాయలు, మూలన వొలిచిన చింతపెంకులు. తలకు దుప్పటి చుట్టుకుని, ఉత్త కాళ్ళతో, మిగిలిన సగంలో నేను గుండ్రంగా తిరిగేదాన్ని. ఎవరూ చూడరు, ఎవరూ ఎక్కడికని అడగరు. హాయిగా ఉండేది. మలుపుల దగ్గర మాత్రం, నేను ఆగాక కూడా ఇంకో అడుగు పడినట్టు ఎప్పుడైనా అనిపించేది. గోడకు తగిలి తిరిగివచ్చిన చప్పుడని సర్దిచెప్పుకునేదాన్ని. (పిట్టగోడ నా మోకాలంత ఎత్తు. అంత పొట్టి గోడ నుంచి చప్పుడు ఎలా తిరిగి వస్తుందో ఆలోచించలేదు.)

ఒకరోజు కుళాయి దగ్గర అవ్వ బిందె కింద పెట్టి అడిగింది. “పొద్దన్నే మిద్ది మింద నడక వినబడతాంది మే. నీకూ వినబడతాందా?”

‘నేనే అవ్వా’ అనేది ఎంత చిన్న మాట! అది కూడా రాలేదు. అవుననీ కాదనీ రెండు విధాలా అర్థమయ్యేలా తల ఊపాను. అవ్వ కళ్ళు తడి అయ్యాయి. “అట్లయితే నిజమే. ఆయప్పే. పోయిన యేడు ఇవే దినాల్లో ఈ మిద్ది మిందనే తిరిగినాడు. గుంపులో పోవాలని. గుంపు బయల్దేరక ముందే ఆయప్ప బయల్దేరిపాయ. మొక్కు ఉండిపాయ. కొండకు పోయే దావ తెలీక ఈడనే సుట్టుకుంటాండాడు సూడు.”

మరునాడు నేను తలుపు తీసేసరికి మెట్ల పైన స్టీలు లోటా, దాని మీద మూత. వేడి కాఫీ. ఎవరి కోసమో అర్థమైంది. వదిలేస్తే అవ్వ బాధపడుతుంది, పారబోయడానికి చేతులు రావు, తాగితే చనిపోయిన మనిషి వంతు తాగినట్టు. మంచులో నిలబడి చాలాసేపు లోటాతో చూపులు కలిపి, చివరికి తాగేశాను. చక్కెర లేదు. (తాతకు చక్కెర జబ్బట.) అప్పటి నుంచి రోజూ లోటా వచ్చేది, రోజూ తాత పేరు మీద చేదు కాఫీ తాగి, ఆయన నడక నేను నడిచేదాన్ని. నడక మానేద్దామంటే సాధన పోతుంది, చెబుదామంటే గొంతు లేదు. అలా నడుస్తుండగా ఒకరోజు లోటా మూత తీస్తే ఖాళీగా ఉంది. అడుగున నురగ ఇంకా ఆరలేదు. పిల్లి తాగి ఉంటుందనుకున్నాను. తాగి, మూత మళ్ళీ పెట్టే పిల్లి.

ఆ ఆదివారం అవ్వ దగ్గర చింతపండు గింజ తీయడానికి కూర్చున్నాను. ఇద్దరి చేతులూ జిగటగా ఉన్నాయి, మొహాలు చూసుకోనక్కరలేని పని. ఇంటర్వ్యూలో కూడా పడనంత కష్టపడి చెప్పాను. “అవ్వా, మిద్దె మీద తిరిగేది నేనే.”

అవ్వ తల కూడా ఎత్తలేదు. “నాకు తెలీదా మే? నీది ఎలక నడక. నేను సెప్పేది నీ యెనకాల తిరిగే ఆయప్పను.”

నా చేతిలో గింజ జారిపోయింది.

“నువ్వు బిరబిరా పోతాండావు. ఆయప్ప అందుకోలేక మలుపుకాడ నిలబడిపోతాండాడు. యెడమ కాలు నొప్పి కదా, ఈడస్తాడు. నేనే నీకు సెప్పాలనుకుంటాండా. రవ్వంత నిదానంగా నడు మే.”

“మరి కాఫీ...” అన్నాను. అడగవలసినవి ఎన్నో ఉండగా నా నోటికి అదే వచ్చింది.

“నీకే పెడతాండా. సచ్చిపోయినోళ్ళు యాడన్నా కాపీ తాగుతారా, తిక్కదానా!”

“చక్కెర లేకుండానా అవ్వా?”

“నడిసేవాళ్ళకు సెక్కెర యాల? దప్పిక పుడుతుంది.” గింజలన్నీ ఒక పక్కకు తోసి అప్పుడు నా వైపు చూసింది. “ఈ తూరి నీ యెంబడి తోడకపో తల్లీ. ఒక్కడే అయితే పోలేడు. నువ్వు పోకపోతే మళ్ళా యేడాది పొడుగునా నా నెత్తిన ఈడ్సుకుంటా తిరగతాడు. ఆ సప్పుడు ఇని నేను తట్టుకోలేను.”

నేను చదివిన పుస్తకాల్లో దయ్యాలకు తెల్ల చీరలుంటాయి, గజ్జెలుంటాయి, మోకాళ్ళ నొప్పులుండవు. మోకాళ్ళ నొప్పుంటే భయం తగ్గాలి కదా అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. తగ్గలేదు. మరుసటి తెల్లవారుజామున మిద్దె మీదికి పోలేదు. కుప్పం వెళ్ళిపోదామా, జ్వరమని విజిల్ మామకు చీటీ పంపుదామా అనుకుంటూ గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. బయట ఏ చప్పుడూ లేదు. అప్పుడు చింతపెంకు ఒకటి పుటుక్కుమంది. కాసేపాగి ఇంకొకటి. వాటి మధ్యన దేన్నో నేల మీద ఈడ్చిన చప్పుడు. ఎలుకేమో అనుకున్నాను. తరువాత ఆ చప్పుడు నా తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపు తట్టలేదు. పిలవలేదు. పిలవాలని ఉండీ పిలవలేక నిలబడినవాళ్ళు ఎలా ఆగుతారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? చాలాసేపు అలాగే ఉంది. ఆ మొహమాటం చూడలేక (భయం లేక కాదు) లేచి తలుపు తీశాను. మంచు తప్ప ఏమీ లేదు. పెంకుల మీదుగా జాగ్రత్తగా అడుగు వేసి, ముసలివాళ్ళను రోడ్డు దాటించేటప్పుడు నడుస్తామే, అంత నిదానంగా నడవడం మొదలుపెట్టాను.

మలుపు దగ్గర ఆగాను. వెనకాల ఒక అడుగు పడింది. పెద్దమనిషి తోడుండగా మౌనంగా నడవడం మర్యాద కాదనిపించి, ఏదో ఒకటి అనాలని, “నిన్న ఆఫీసులో ప్రింటర్ పనిచేయలేదు తాతా” అన్నాను. అంతే, గొంతు తెరుచుకుంది. ప్రింటర్ తరువాత మేనేజర్, మేనేజర్ తరువాత చౌడేపల్లె ఆటో, అప్పుడు చదువుతున్న నవల. డైరీలో తప్ప ఎక్కడా మాట్లాడని నేను, కనిపించని మనిషితో తెల్లవారే దాకా వాగాను. భయం పోలేదు. మెడ వెనక వెంట్రుకలు రోజూ లేచే ఉండేవి. వాటితోనే కబుర్లు చెప్పేదాన్ని. ఒకసారి కింది నుంచి అవ్వ కేక వేసింది. “ఏం మాట్లాడుకుంటాండారు మే మీ ఇద్దురూ? రవ్వంత గెట్టిగా మాట్లాడితే నేనూ ఇంటా కదా!”

గుంపు బయలుదేరే రోజు వీధిలో ఒక ఆచారం ఉంది. విజిల్ మామ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాడు. పిలిచినవాళ్ళు ‘గోవిందా’ అని రోడ్డు మీదికి అడుగు వేయాలి. పిలవకుండా ఎవరూ కదలకూడదు. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. మంచులో పసుపు బట్టల మనుషులు మసక మసకగా నిలబడి ఉన్నారు. నన్ను పిలిచినప్పుడు చెయ్యెత్తి ఊరుకున్నాను. మామ అలవాటు పడ్డట్టే ముందుకు పోయాడు. అందరూ అయ్యాక అవ్వ ముందుకు వచ్చింది. “మా యప్పను కూడా పిలువప్పా. పిలవకపోతే యెట్ల వస్తాడు?”

“అవ్వా, ఉండేవాళ్ళను తోడకొచ్చేకే నా పాణం పోతాండాది” అన్నాడు మామ. గుంపులో ఒకరిద్దరు నవ్వారు. “పిలుస్తా సరే. పలికేది యెవురు?”

అవ్వ చుట్టూ చూసింది, ఎవరైనా పలుకుతారేమోనని. ఆ చూపు నా దాకా వచ్చేలోపలే నా గొంతు నన్ను అడగకుండా లేచింది. “నేను పలుకుతా మామా. మీరు పిలవండి.”

వీధి వీధంతా నన్ను చూసింది. నా చెవులు కాలిపోతున్నాయి. మామ విజిల్ నోట్లో నుంచి తీసేసి, ఎటు తిరగాలో తెలియక మంచులోకి తిరిగి, “అన్నా” అని మెల్లగా పిలిచాడు. ఎన్నో ఏళ్ళు కలిసి నడిచినవాళ్ళు వాళ్ళు. నేను “గోవిందా!” అన్నాను. ఎంత గట్టిగా అంటే వీధి కుక్కలు లేచాయి, ఎవరింట్లోనో చంటిపిల్ల ఏడ్చింది. ఒక అడుగు వేసి, పక్కన ఇంకొకరికి చోటు వదిలి నిలబడ్డాను. ఇక ఎవరూ నవ్వలేదు.

దారి పొడుగునా నేనే గుంపుకు చివర. మామ బస్సు మాట ఎత్తలేదు. అప్పుడప్పుడు వెనక్కి తిరిగి రెండుసార్లు ఊది అందరినీ కూర్చోబెట్టేవాడు. నేను వచ్చాక కూడా కాసేపు కూర్చోబెట్టే ఉంచేవాడు. శ్రీవారి మెట్టు దారిలో, పసుపు కుంకాల తడి మెట్ల మీద, సగం పైన ఎక్కడో వెనకాల అడుగు నా పక్కకు వచ్చింది. తరువాత నన్ను దాటింది. ముందు అన్నీ వంగిన ముసలి వీపులే, ఎవరు ఎవరో తెలియలేదు. ఆ తరువాత నేనెంత నిదానించినా వెనక ఎవరూ లేరు.

తిరిగి వచ్చాక అవ్వ ఒకటే అడిగింది. “పోయినాడా?”

“పోయినాడు అవ్వా.”

“సరే” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కొన్నాళ్ళకు కుళాయి దగ్గర నా కొంగు పట్టుకుని ఆపింది. “నిద్దర పట్టల్యా మే. ఉత్త మిద్ది కింద పండుకునేది నాకు అలవాటు ల్యా. నువ్వన్నా తిరగరాదా?”

మళ్ళీ మిద్దె ఎక్కాను. మామిడి పూత వాసన వచ్చే తెల్లవారుజాములవి, మంచు పలచబడిపోయింది. అవ్వకు కాస్త ఊరటగా ఉంటుందేమోనని ఒకరోజు ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచాను. వెంటనే కింది నుంచి చీపురుకట్టతో పైకప్పు మీద పొడిచిన చప్పుడు. “యాశాలెయ్యద్దు మే! నీ నడక నువ్వు నడు!” మర్నాడు మెట్ల మీద లోటా ఉంది. అందులో చక్కెర ఉంది.

ఇప్పుడు మదనపల్లెలో అపార్టుమెంటులో ఉంటున్నాను. రోజంతా జనంతో మాట్లాడే ఉద్యోగం. నేను మొహమాటస్తురాలినంటే ఎవరూ నమ్మరు. తెల్లవారుజామున మిద్దె మీద నడక మాత్రం మానలేదు. బిరబిరా నడుస్తాను, అయినా మలుపు వచ్చేసరికి కాలు దానంతటదే ఒక్క క్షణం ఆగుతుంది, వెనకాల ఎవరో రావలసి ఉన్నట్టు. ఎవరూ రారని నాకు తెలుసు. ఆగేది నేను కాదు, పుంగనూరులోని ఆ పిల్ల. ఇక చాల్లే, పద అని ఆ పిల్లతో చెప్పాలంటే మాత్రం నాకు ఇప్పటికీ మొహమాటమే.