మోకాళ్ళు వినలేదు

నాంటేజా నా తోడికోడలు. మసాకా ఊరి చివర ఒకే వాకిట్లో రెండిళ్ళు మావి. నేను కర్రపెండలం వేపుడు అమ్ముకుంటాను, తను చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఏడాది చివరికి డిప్లొమా లేకపోతే ఉద్యోగం ఉండదని హెడ్మాస్టరు చెప్పేశాడు. అప్పట్నుంచి దానికి నిద్ర లేదు.

ఇదివరకైతే కాలేజీకి రాజధాని కంపాలా పోయి అక్కడే ఉండాలి. చంటిదాన్ని ఎవరు చూస్తారు? ఇప్పుడు కాలేజీయే ఫోన్లోకొచ్చింది. మా సందులో ముగ్గురు ఆడవాళ్ళు అలాగే చదువుతున్నారు. నాంటేజా అరటికాయలు చెక్కుతూ పాఠం వినేది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ వినేది. "బళ్ళో ఇలా మళ్ళీ చెప్పమంటే బెత్తం దెబ్బ పడేదక్కా" అని నవ్వేది.

భయమంతా ఆఖరి పరీక్షతోనే. రెండు గంటలు మొహం కెమెరా ముందే ఉండాలి. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, మాట వినబడకూడదు. తప్పితే కాపీ కొట్టినట్టే లెక్క.

"అక్కా, ఈగని కూడా రానీకు" అంది.

"నన్ను దాటి ఎవరొస్తారే" అన్నాను.

గుమ్మంలో పీట వేసుకుని కూచున్నాను. పిల్లల్ని తరిమాను. కోళ్ళు కొనేవాణ్ణి తరిమాను. గంట గడిచింది. అప్పుడు బండి దిగాడు మా మామగారు, భుజాన అరటిగెల పెట్టుకుని, పల్లె నుంచి, చెప్పా పెట్టకుండా.

ఆయన కనబడగానే మోకాళ్ళ మీద పడ్డాను. మా వైపు ఆడవాళ్ళు పెద్దల్ని అలాగే పలకరించాలి, పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి అదే అలవాటు. తల దించుకుని పలకరిస్తుంటే ఆయన వానల గురించి, మేకల గురించి అడుగుతూనే నన్ను దాటి లోపలికి నడిచాడు. ఆయనకి చెవుడు, నేను గుసగుసగా చెప్పింది వినబడలేదు. చెయ్యి పట్టుకుని ఆపుదామంటే కోడలు మామని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చెయ్యి జన్మంతా వణుకుతుందంటారు. అయినా తెగించి అంగీ కొస పట్టుకున్నాను. అది జారిపోయింది.

లోపల్నుంచి నాంటేజా గొంతు వినబడింది. "బాగున్నారా అయ్యా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

అది కూడా కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూచుంది. లేచి చూసేసరికి తెర మీద ఎర్ర గీత. పరీక్ష ఆపేశాం, విచారణ ఉంటుంది, అని.

"ఎందుకు దిగావే?" అన్నాను.

"తల వద్దంటూనే ఉందక్కా. మోకాళ్ళు వినలేదు."

మామగారికి గట్టిగా అరిచి చెబితే, "నేను పలకరిస్తే పరీక్ష పోవడమేంటి? ఆ పెట్టెలో ఉన్నవాడికి తండ్రి లేడా?" అన్నాడు. కానీ గెల దించి, ఇంకో మాట లేకుండా చాప మీద కూలబడిపోయాడు.

నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. కాపీ కొట్టిందని రాస్తే ఈ కాలేజీ పోతుంది, బడీ పోతుంది. తప్పు నాది. కావలి కూచున్నదాన్ని నేనే. పొయ్యి దగ్గర నూనెలో ముక్కలు వేస్తుంటే చెయ్యి వణికేది. భయానికో, అంగీ ముట్టుకున్నందుకో ఎవరినీ అడగలేకపోయాను.

గురువారం విచారణకి కాలేజీ పెద్దలు ముగ్గురు ఫోన్లో కనబడ్డారు. నేను తలుపు వెనకాలే ఉన్నాను.

"ఎవరితో మాట్లాడావు? జవాబులు ఎవరు చెప్పారు?" అని ఒకావిడ గట్టిగా అడిగింది. వాళ్ళలో నెరిసిన తలాయన, "ముందు పిల్లని పలకరించండమ్మా. బాగున్నావా తల్లీ?" అన్నాడు.

అంతే. నాంటేజా మళ్ళీ తెరలోంచి మాయం.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఎక్కడికి పోయింది?" అంది ఆవిడ.

"ఎక్కడికీ పోలేదు. కిందే ఉంది. మా కోడలూ అంతే" అన్నాడు ఆ పెద్దాయన. "లేవమ్మా. శనివారం మళ్ళీ రాయి. ఈసారి కుర్చీ వద్దు, చాప మీద కూచుని ఫోను పీట మీద పెట్టుకో. ఎవరొచ్చినా మొహం కనబడుతుంది."

శనివారం పొద్దున్నే మామగారు వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఆయన్ని దాటి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళందరూ ఆయన ముందే వంగి, ఆ మేకలూ వానలూ చెప్పుకుని వెనక్కి పోయారు. నేను ఇంటి వెనక నిలబడి రెండు గంటలు ఊపిరి బిగబట్టాను. లోపల్నుంచి చప్పుడు లేకపోయినా భయమే, దగ్గు వినబడినా భయమే.

అరవై రెండు మార్కులొచ్చాయి. దాని ఉద్యోగం నిలబడింది.

నా చెయ్యి మాత్రం టీ గ్లాసు పట్టుకుంటే ఇప్పటికీ కొంచెం వణుకుతోంది. మామగారికి ఆ అంగీ సంగతి నేనింకా చెప్పలేదు.