రాళ్లు కావు, అయస్కాంతాలు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. అయస్కాంత పదార్థాల మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్ కోసం ఆ ఉదయం యూనివర్సిటీలో ఇంటర్వ్యూ. అది నాకో, నా క్లాస్‌మేట్ స్వప్నకో, ఒక్కరికే వస్తుంది. బస్సుల్లేక ఇద్దరం మెట్టుగూడ నుంచి నడిచే బయల్దేరాం.

తార్నాక చేరేసరికి బాష్పవాయువు గుండ్లు పేలాయి. జనం చెల్లాచెదురయ్యారు. స్వప్న క్యాంపస్ వైపు పరుగెత్తింది. నన్ను మాత్రం ఎస్సై కాలర్ పట్టుకుని ఆపి, సంచి విప్పించాడు. అందులో ల్యాబ్‌లో నేను తయారుచేసిన నల్లటి అయస్కాంతపు బిళ్లలున్నాయి.

"ఏందిరా, రాళ్లు మోసుకొస్తున్నవా? బండెక్కు!"

"రాళ్లు కావండీ..." అంటుండగానే నన్ను పోలీసు వ్యాన్ వైపు నెట్టాడు. వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టాను.

ఇంతలో ముఖానికి చున్నీ చుట్టుకుని స్వప్న పొగలోంచి వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"ఆగుండ్రి సార్! గవి రాళ్లు కావు, చూడుండ్రి!" అంటూ ఒక బిళ్ల తీసి వ్యాన్ తలుపుకు ఆనించింది. అది టక్కున అతుక్కుపోయింది. ఎస్సై దాన్ని పీకి, తనే మళ్లీ అంటించి చూశాడు.

"పోండి, జల్ది పోండి" అన్నాడు.

ఆలస్యంగా చేరినా ఇంటర్వ్యూ చేశారు. బాష్పవాయువు ఘాటు ఆ గదిలోకీ వచ్చింది. ప్రొఫెసర్లు కూడా కళ్లు తుడుచుకుంటూనే ప్రశ్నలడిగారు.

స్కాలర్‌షిప్ స్వప్నకే వచ్చింది. నేను ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు పూర్తిచేశాను. "ఆరోజు పోలీసులు నన్ను తీసుకుపోయుంటే నీకు పోటీయే ఉండేది కాదుగా?" అని తర్వాతెప్పుడో అడిగాను.

స్వప్న ఆశ్చర్యంగా చూసింది. "గా ముచ్చట నాకు యాదికే రాలే" అంది.