రోమన్ నాటకంలో మా బాపు పరుగు

ఇబ్రహీంపట్నంలో డిగ్రీ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు సాహిత్యం చెబుతున్నాను. ఏటా ఒక వారం ప్రాచీన రోమన్ హాస్యనాటకాలకు పోతుంది. రెండు వేల ఏళ్ళ నాటి సరుకు. పిసినారి యజమాని, ప్రేమలో పడి ఏడవడం తప్ప ఏమీ చేతగాని కొడుకు, అబద్ధం మీద అబద్ధం పేర్చి వాణ్ణి గట్టెక్కించే బానిస. నాకా బానిసంటే ప్రాణం. ఇంట్లో అందరికన్నా కింద ఉండేది వాడే, అందరికన్నా తెలివైనవాడూ వాడే. దొరికితే కొరడా దెబ్బలు, దొరక్కపోతే జనం నవ్వులు. ఆ నాటకాలు ఆడినవాళ్ళలో కూడా చాలామంది బానిసలేనంటారు. అలాంటి మనిషిని కథకు నాయకుణ్ణి చేసి, ఊరంతటినీ వాడి పక్షాన నవ్వించారంటే ఆ రాసినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ నాటకాల్లో బానిస తరచూ రొప్పుతూ పరుగెత్తుకొస్తాడు. బోర్డు మీద 'పరుగెత్తే బానిస' అని రాసి కింద రెండు గీతలు కొట్టేదాన్ని. ఎందుకు పరుగెత్తుతాడని ఏ పిల్లా అడగలేదు. అడిగితే 'అదొక రంగస్థల సంప్రదాయం, రాసుకోండి' అనేదాన్ని. తెలియనిదానికి సంప్రదాయం అని పేరు పెడితే పంతుళ్ళకు పని సులువు.

పోయినేడు హయత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే ఫైనలియర్ అమ్మాయి ఒకతె నా దగ్గరికొచ్చింది. "మేడం, కాలేజీ ఫంక్షన్‌కు ఈ నాటకాన్ని మనూరి కథ లెక్క షార్ట్ ఫిల్మ్ తీస్త. ఫోన్ల తీస్త. మాటలు మీరే రాయాలె," అంది. ఎగిరి గంతేసినంత పని చేశాను. వారం కూర్చుని రాశాను. కొడుకు ప్రేమపెళ్ళి చేసుకోకుండా ముసలి యజమాని వాణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తాడు. సాగర్ రోడ్డు పక్కనున్న మీ పొలంలో ఎవరో సర్వే రాళ్ళు పాతుతున్నారని నౌకరు అబద్ధం చెబుతాడు. ముసలాయన తాళంచెవి మరిచి పొలానికి పరుగు తీస్తాడు. ఇటు తాళం తెరుచుకుంటుంది, పెళ్ళయిపోతుంది.

అంతా బాగుంది కానీ, బానిసను ఏం చెయ్యాలి? ఈ రోజుల్లో బానిస ఎక్కడుంటాడని వాణ్ణి ముసలాయన ప్లాట్లమ్మే వెంచర్ ఆఫీసులో మేనేజరును చేశాను. మెడలో ఐడీ కార్డు కూడా వేశాను. కాలానికి తగ్గట్టు మార్చానని అందరికీ చెప్పుకున్నాను.

అది సగమే నిజం. మన దగ్గర ఆ బానిసకు దగ్గరగా వచ్చే మాట జీతగాడు. ఏడాది పొడుగునా పటేలు ఇంట్లోనే ఉండి, పశువుల కొట్టంలో పడుకుని, పిలిస్తే పలికి, కొడితే పడినవాడు. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మా బాపు పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు జీతగాడు. స్టాఫ్‌రూములో మాత్రం 'మా నాన్నది వ్యవసాయం' అని చెప్పేదాన్ని. ఎవరి భూమిలో అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో ఆయన "నేను జీతమున్నప్పుడు" అని మొదలుపెడితే చాలు, నాకు స్టవ్ మీద ఏదో మాడిపోతున్నట్టు గుర్తొచ్చేది.

బాపు నా దగ్గరే ఉంటాడు. ఒక ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి నేను రాసింది పైకి చదివింది. బాపు చాయ్ తాగుతూ విన్నాడు. ఎవ్వరం నవ్వలేదు. రాసిన నాకే నవ్వు రాలేదు.

"బిడ్డా, గా మేనేజరు దొరికితె ఏమైతది?" అన్నాడు బాపు.

"ఉద్యోగం పోతది బాపు."

"పోతె పక్క వెంచర్ల ఇంకోటి దొరుకుతది. గాడెందుకు భయపడాలె? భయం లేనికాడ నవ్వేడికెల్లొస్తది?"

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి, "అసలు కథల వాడు బానిస తాతా. దొరికితె కొరడతోని కొడ్తరు," అంది.

"అయితె జీతగాడనుర్రి! రోముదేశంల గూడ మా సోపతిగాండ్లు ఉన్నరన్నట్టు." బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "మరి గట్ల నిమ్మలంగ నడిసొచ్చి 'సార్' అంటడేంది? ఉరికి రావాలె. నడిసొస్తె పటేలు తిడ్తడు. ఉరికొస్తె 'ఏమైందిరా' అని అడుగుతడు. అడిగిండంటె మన మాట ఇన్నట్టె."

ఇరవై రెండేళ్ళు నేను గీతలు కొట్టిన మాటకు అర్థం మా ఇంటి ముందుగదిలో లుంగీ కట్టుకుని నిలబడింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

బాపు ఇంక ఆగలేదు. మొత్తం దూరం ఉరకొద్దట, దమ్ము దండగ. సగం దాకా నడిచి, బాయికాడ రుమాలు తడిపి మెడ మీద పిండుకుని, వాకిలి కనబడగానే ఉరకాలట. అప్పుడా నీళ్ళు చెమట లెక్క కనబడతాయి. ఒక పగలు ఆయన నిద్రపోతే ఎడ్లు జొన్నచేనులో పడ్డాయట. "అడవి పందులొచ్చినయి పటేలా!" అని తానే ముందు మొత్తుకుంటూ ఉరికాడట. పటేలు కట్టె పట్టుకుని పందుల కోసం పోయాడట. చెబుతూ బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం. దొరికి ఉంటే ఆ కట్టె ఎవరి మీద విరిగేదో తెలిసే నవ్వాం.

"తాతా, జీతగాని ఏషం నువ్వే ఎయ్యాలె," అంది ఆ అమ్మాయి.

బాపు నవ్వు ఆగింది. నా వైపు చూశాడు. "కాలేజోళ్ళంత జూస్తరు గద?"

"అందరు చూస్తరు."

"నా బిడ్డకు ఇజ్జత్ తక్వ గాకుంటె ఏస్త."

అంటే నా వ్యవసాయం కథ ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. సిగ్గేసింది. అప్పుడైనా 'ఎయ్యి బాపు' అనాల్సింది. "నీ మోకాళ్ళు నొస్తయి," అన్నాను.

"మోకాళ్ళ సంగతి నేను జూస్కుంట," అన్నాడాయన.

మళ్ళీ మొదటినుంచి రాశాను. ఐడీ కార్డు తీసేసి రుమాలు పెట్టాను. సాగర్ రోడ్డు అవతల ఒక పాత పెంకుటింట్లో షూటింగ్ పెట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషి ఆ వాకిట్లోకి ఏడుసార్లు ఉరికొచ్చాడు. ప్రతిసారీ ముందు వాటర్ బాటిల్‌తో రుమాలు తడుపుకున్నాడు. యజమాని వేషం వేసిన మా కాలేజీ అటెండరు నాలుగోసారి నిజంగానే కంగారుపడి, "ఏమైందే తాతా?" అని తన మాటలు మరిచిపోయాడు.

రోమన్ నాటకాల్లో నాకు బాగా నచ్చే పద్ధతి ఇంకొకటుంది. చివర ఒక నటుడు ముందుకొచ్చి, చూసేవాళ్ళను చప్పట్లు కొట్టమని అడుగుతాడు. మొహమాటం లేకుండా, మా కష్టానికి మాకు రావలసింది ఇవ్వండి అన్నట్టుంటుంది. దాన్ని మా సినిమాలోనూ ఉంచాను. బాపు ఫోన్ వైపు చూసి ఒక్క వాక్యం చెప్పాలి. అది తీసిన రోజు నాకు ఇన్విజిలేషన్ పడింది, వెళ్ళలేదు.

మర్నాడు ఆ అమ్మాయి నన్ను వరండాలో ఆపింది. "మేడం, తాత మీరు రాసింది చెప్పి ఇంకో ముక్క గూడ అన్నడు. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని ఫోన్ నా చేతికిచ్చింది.

తెర మీద బాపు, మెడ చుట్టూ తడి రుమాలు. "మా ఆట మంచిగుంటె సప్పట్లు కొట్టుర్రి," అన్నాడు. నేను రాసింది అంతవరకే. "గీ తెలివి నాకు ఎవ్వలు నేర్పలే. పన్నెండేండ్లు పటేలింట్ల జీతమున్న. గప్పుడు గిసొంటియి మస్తు చేసిన, దెబ్బలు తప్పిచ్చుకున్న. ఒక్కలన్న సప్పట్లు కొట్టలే. ఎట్ల కొడ్తరు, ఎవ్వలకు తెల్వద్దు గద! ఇప్పుడు కొట్టుర్రి."

రెండోసారి చూశాను. తీసేస్తే ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఏమీ అనడు. నా వ్యవసాయం కథ నాకు మిగులుతుంది. ఆ అమ్మాయి నా మొహం చూస్తూ నిలబడింది. "ఉంచు," అన్నాను.

ఫంక్షన్ రోజు హాలు నిండింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో నా పక్కన కూర్చున్నాడు. తెర మీద ఆయన ఉరికొచ్చిన ప్రతిసారీ పిల్లలు ఈలలు వేశారు. చివర ఆయన మాటలు రాగానే హాలంతా చప్పట్లు. బాపు వెనక్కి తిరిగి వరసలన్నీ చూశాడు. ఎంతమంది కొడుతున్నారో చూసుకుంటున్నాడనిపించింది.

నాకు అటు పక్కన కూర్చున్న సీనియర్ మేడం నా చెవి దగ్గరికి వంగింది. "మీ నాన్నగారు ఎంత సహజంగా నటించారండీ! చివర్లో చెప్పిందీ మీరు రాసిందేనా? ఆయనది వ్యవసాయం అన్నారు కదా."

"నేను రాయలేదు మేడం. ఆయన జీతగాడే," అన్నాను మెల్లగా.

బాపు ఇటు తిరగలేదు. చప్పట్లు కొట్టేవాళ్ళనే చూస్తూ, "జర గట్టిగ చెప్పు బిడ్డా, ఎన్కకున్నోళ్ళకు ఇనవడలే," అన్నాడు.

లేచి మైకు దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాను.