అడ్డాకు దొప్పలో నీళ్లు

వేడి అన్నం పడగానే అడ్డాకు విస్తరి నుంచి ఒక పచ్చి వాసన లేస్తుంది. మొన్న ప్రొద్దుటూరు చర్చిలో కోతల పండుగ భోజనాల దగ్గర ఆ వాసన తగిలి నా ప్రార్థన కాస్త పొడవైంది. ఎస్తేరత్త కోసం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

జమ్మలమడుగు పక్క పల్లెలో ఎస్తేరత్త మా పొరుగామె. బడి దారి అవతలి పార్టీ వీధిలోంచి పోతుందని నాన్న నన్ను పంపలేదు. ఆమే తన అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఎన్నికల గొడవల్లో అవతలి పార్టీ వాళ్లు ఆమె భర్తను చంపేశారు. అయినా రెండు వీధుల పిల్లలూ తన అరుగు మీద కలిసి చదవాలన్నదే ఆమె కోరిక. అవతలి నుంచి ఒక్కరూ రాలేదు. వెళ్లి పిలవడానికి ఆమెకూ అడుగు పడలేదు.

నాకు పెళ్లీడు వచ్చాక, విశాఖ మన్యంలో ఉన్న తన చెల్లెలి ఊరికి నన్ను తోడు తీసుకుపోయింది. మా వైపు కొండలంటే బండలు, ముళ్లకంపలు. అక్కడ అడవిలోనే దారి, దారి చివర ఎర్రమట్టి అలికిన గోడలు, వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ములు. ఒక మలుపులో మబ్బు విడిపోయి, దూరంగా సముద్రం సన్నని గీతలా మెరిసింది. "ఈడి నుంచి సముద్రం గూడా కనపడుతుందా తండ్రీ!" అంటూ అత్త నిలబడిపోయింది.

కొండ పైనున్న ఊళ్లో ఒక ముసలామె అడ్డాకు దొప్పలో ఊటనీళ్లు తెచ్చింది. చెయ్యి చాపబోయి ఆగి అడిగాను: "అవ్వా, ఇది ఏ పార్టీ ఊరు?" మా దగ్గర ఎవరింట నీళ్లు తాగితే వాళ్ల మనిషి కింద లెక్క మరి.

"ఏటమ్మా, కొండలోంచి వచ్చే నీటికి పార్టీ ఏటి?" అని ఆమె పడీపడీ నవ్వింది. అత్త నవ్వలేదు. కొండ దిగేటప్పుడు మాత్రం అంది, "అచ్చరాలతో పాటు ఈ పార్టీ బుద్ధి గూడా నా అరుగు మీదనే నేర్చినావు గదే పాపా."

తిరిగొచ్చి బస్సు దిగాక అత్త ఎప్పటిలా చుట్టుదారి పట్టలేదు. నేను కొంగు పట్టి లాగుతున్నా నేరుగా అవతలి వీధిలోకి నడిచి, లక్షుమ్మ ఇంటిముందు ఆగింది. ఎదురు అరుగు మీది మగవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఏం ఎస్తేరమ్మా, దావ తప్పినావా?" అంది లక్షుమ్మ.

"తప్పల్యా. శానా దప్పికైతాంది. నీళ్లియ్యి."

"మా ఇంట్లోనా?"

"ఏంది, మీ బిందెలో నీళ్లు చేదుగుండాయా?"

లక్షుమ్మ లోపలికి పోయి, ఇత్తడి చెంబుతో వచ్చింది. అత్త తాగి నాకిచ్చింది. "నీ మనవరాలిని చదువుకు పంపు. అరుగు ఖాళీగుండాది" అంది. లక్షుమ్మ ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది.

కొన్నాళ్లకు ఆ పిల్ల పలకతో వచ్చింది. రెండో చేతిలో అదే చెంబు, నిండా నీళ్లు. "మీ ఇంట్లో తాగొద్దనింది మా యవ్వ" అంటూ కూర్చుంది. అత్త పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "మంచిదే తల్లీ, నాగ్గూడా గుక్కెడియ్యి" అంది. ఎండాకాలం ముదిరేసరికి ఆ పిల్ల అత్త కుండలోనే ముంచుకుని తాగేది. చెంబు అత్త అరుగు మీదే మరిచిపోయింది. ఎవరూ అడగలేదు.

అత్త ప్రభువు దగ్గరికి పోయాక అరుగు, పిల్లలు, చెంబు నాకు మిగిలాయి. రోజూ పొద్దున్నే దాన్ని చింతపండుతో తోమి, నీళ్లు నింపి, పిల్లలకు అందేచోట పెడతాను. ఎవరు తాగారో చూడను.